తెర మీద అరచేయి

ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. నాయన గీసిన అంచు డిజైన్లన్నీ కంప్యూటర్లో ఉండేవి. దాన్ని చూసుకోవడానికి హిందూపురం నుంచి ఒకాయన వచ్చేవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి.

కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు, తయారుచేసిందెవరో తెలియదు, జాగ్రత్త అని తెర మీద హెచ్చరిక వచ్చేది. అన్న దానికి అరచేయి అడ్డం పెట్టి, "ఊరికే బెదిరిస్తాంటాది లేప్పా" అంటూ 'యెస్' నొక్కేవాడు. ఆ చేయి చూస్తే నాకు ధైర్యం.

ఒకసారి అట్లా ఎక్కించిన దాంతో వైరస్ వచ్చి డిజైన్లన్నీ పోయాయి. మళ్లీ గీయడానికి నాయనకు చూపు లేదు.

ఆ మాట చెప్పుకుందామని హిందూపురం పోయాను. అన్న తన కంప్యూటర్లో ఏదో ఎక్కిస్తున్నాడు. అదే హెచ్చరిక వచ్చింది. వేలు పెట్టి ఒక్కో మాటా చదివి, 'నో' నొక్కాడు.

"చేయి అడ్డం పెట్టలేదేమన్నా?" అన్నాను.

"దీంట్లో మా పిల్లోళ్ల ఫోటోలుండాయప్పా" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.