రసం కాయలతో లేజరు గదికి

రెడ్డిగూడెంలో మా బస్సు ఉదయం అయిదుకి. మా అక్క భర్త రత్నం బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒళ్లో సంచి, అందులో గడ్డి మధ్య చిన్న రసం మామిడికాయలు. హైదరాబాదులో డాక్టరమ్మకివ్వాలని ముందురోజు నేనే కోశాను.

"భుజాలు తిరిగాయా?" అనడిగాడు బావ. తొడిమ దగ్గర కాయ భుజాలు పైకి లేస్తే కోతకొచ్చినట్టు. నేను చూడలేదు. తిరిగాయన్నాను.

బావ మెడలో గడ్డ రావడం ఇది మూడోసారి. ఆపరేషనూ రేడియేషనూ అయిపోయాయి, మళ్లీ కుదరవన్నారు. రెండు నెలలుగా వడకట్టిన జావే, అదీ దగ్గుతూ. ఇంకా పెరిగితే పొట్టకి గొట్టమే గతి. ఎమ్మారైలో చూస్తూ గడ్డలోకి సన్నని లేజరు తీగ పంపి వేడితో మాడుస్తారని తెలిసి బయల్దేరాం.

విజయవాడలో ఇడ్లీలు నేను తిన్నాను, బావ చూశాడు. ఎనిమిదింటికి రైలు. నూజివీడులో మామిడిని విదేశాలకు పంపే షెడ్డులో నా ఉద్యోగం. పురుగు చావడానికి కాయలకి వేడి పెడతాం, కండలో సూది గుచ్చి వేడి కొలుస్తాం. లేజరూ అలాంటిదేనని బావకి చెప్పడం నా పొరపాటు. కిందటేడు మా షెడ్డులో ఒక లోడు లోపల ఉడికిపోయిన సంగతి బావకి బాగా గుర్తు.

ఖమ్మం దాటాక ఎదుటి సీటావిడ సంచి చూసి ముచ్చటపడితే ఒక కాయ ఇచ్చాం. "వాసన లేదేంటండీ?" అంది. బావ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

ఆసుపత్రి వెనకవీధి లాడ్జిలో దిగాం. మర్నాడు తొమ్మిదింటికి పిలిచారు.

"పురుగు చావాలి, సరేనండీ. పండు ఉడికిపోతే ఏంటి?" అని బావ డాక్టరమ్మని అడిగాడు.

ఆవిడ నవ్వి కంప్యూటరు తెర చూపించింది. వేడి ఎంతవరకు పాకిందో రంగుల్లో కనిపిస్తుందట, రక్తనాళం దగ్గరికి రాకముందే ఆపేస్తారట. తీగ చుట్టూ చల్లటి నీళ్లు తిరుగుతాయనేసరికి బావ తల ఊపాడు. ఎమ్మారై గదిలోకి ఇనుప వస్తువేదీ తీసుకెళ్లకూడదు, తీరా లోపలికెళ్లబోతుంటే మొలతాడుకి కట్టిన మోటారు షెడ్డు తాళంచెవి బయటపడింది. నర్సుకివ్వనన్నాడు, నా చేతిలోనే పెట్టాడు.

రెండు గంటలు ఆ చెవి పట్టుకుని బయట కూర్చున్నాను. నిజంగా భయమేసింది.

గడ్డ ఎంత పోయిందో నెలన్నర తర్వాత స్కాన్‌లోనే తెలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది, మాటివ్వలేదు. నాలుగోరోజు వాపు తగ్గిందని చూసి, ఇక పలచనివి చిన్న గుక్కల్లో ఇవ్వమంది.

ఆ మధ్యాహ్నమే తిరుగు రైలు. ఈ దారిన వెళ్లేవాళ్లు తాళంచెవులు ఇంట్లోనే పెట్టి వెళ్లండి. ఖమ్మంలో బావ, డాక్టరమ్మకివ్వగా సంచిలో మిగిలిన ఒక్క కాయ తీసి, పిసికి, తొడిమ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నేను తువ్వాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఒక గుక్క దిగింది. ఇంకోటి.

"పుల్లగా ఉంది. భుజాలు తిరగలేదురా," అన్నాడు.

చూడలేదని ఒప్పుకున్నాను. ఆ పుల్లటి కాయనే చప్పరిస్తూ, మధిర దాటేదాకా నన్ను తిడుతూనే ఉన్నాడు. ఒక్కసారీ దగ్గలేదు.