చెవికి వేసిన అతుకు

కెన్నా అరచేతుల్లో గీతలుండేవి కావు. ఇరవై ఏళ్ళుగా తడి ఇసుకతో నల్లరాతిని రుద్దీ రుద్దీ అవి చెరిగిపోయాయి. సెఖ్‌మెత్ అమ్మవారి విగ్రహాలు, ఏడాదిలో ఎన్ని రోజులుంటే అన్ని కావాలని రాజుగారి ఆజ్ఞ. సింహం మొహం, ఆడ ఒళ్ళు. ఉలి పనివాళ్ళు చెక్కేసి పోయేవాళ్ళు. ఆ మొహానికి జానెడు దూరంలో పగలంతా కూర్చునేది కెన్నాయే. "సింహంతో కాపురం చేసే మనిషివి, నీ కంటికి నేనేం ఆనతాను?" అని పెళ్ళాం హెనుత్ ఎకసెక్కెం చేసేది. అతను నవ్వేవాడు కాదు. తెగులు పంపేదీ ఆ అమ్మే, మాన్పేదీ ఆ అమ్మే. అలాంటి తల్లి ముక్కు రుద్దుతూ ఎవడు నవ్వుతాడు?

ఆ ఏడు నది పొంగడానికి ముందు, జూలు పక్కన రుద్దుతుంటే ఎడమ చెవి అంచు పుటుక్కున ఊడొచ్చింది. వేలెడంత ముక్క. కెన్నాకి పై ప్రాణాలు పైనే పోయాయి. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. బంకలో రాతిపొడి కలిపి అతికించి, మసి పూసి, మళ్ళీ నున్నగా రుద్దాడు. తెలిస్తే తన చెవులు కోసి రాతిగనికి తోలేస్తారు. అందుకని ఇంట్లో కూడా నోరు మెదపలేదు.

నెలల లెక్కకి అందకుండా ఏడాది చివర మిగిలే అయిదు రోజులూ అమ్మ దూతలు తెగులు బాణాలు పట్టుకుని ఊళ్ళ మీద తిరుగుతారు. అందరిలాగే కెన్నా కూడా నారగుడ్డ పేలికకి పన్నెండు ముడులేసి ఆరేళ్ళ కూతురు తామిత్ మెడకి రక్షగా కట్టాడు. అయినా రెండో రోజు మధ్యాహ్నానికి పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోయింది. మూడో రోజుకి మాట పడిపోయింది.

హెనుత్ పరిగెత్తి అమ్మవారి పూజారిని తీసుకొచ్చింది. వైద్యుడూ ఆయనే. పిల్ల మణికట్టు పట్టుకుని చాలాసేపు చూసి, "ఇంట్లో ఎవరన్నా అమ్మకి అపచారం చేశారా?" అన్నాడు. ఏ ఇంటికెళ్ళినా ఆయన అడిగే మాటే అది.

కెన్నా గోడకి జారబడ్డాడు. చెబితే చెవులు పోతాయి. చెప్పకపోతే పిల్ల పోతుంది.

"నేనేనయ్యా!" అని కాళ్ళ మీద పడ్డాడు. "అమ్మ చెవి విరగ్గొట్టి, అతికించి దాచేశాను. నా చెవులు కోసుకోండి. పిల్లని వదిలెయ్యమని చెప్పండి."

"ఓరి నీ నోరు పడిపోనూ!" హెనుత్ గుండెలు బాదుకుంది. "పిల్ల చావుకొచ్చేదాకా కడుపులో పెట్టుకున్నావా?"

పూజారి పిల్లకి మందు పోసి, కెన్నాని గుడికి లాక్కెళ్ళాడు. విగ్రహాల వరస ముందు నిలబెట్టి గోటితో గీకి చూపించాడు.

"ఇదిగో, ఈవిడ ముక్కు అతుకు. ఈవిడ మోకాలు అతుకు. ఆ మూలావిడకి చెయ్యే అతుకు. రాయిరా అది, విరుగుతుంది. నీకు ముందు నలుగురు ఇలాగే విరగ్గొట్టి వచ్చి నా కాళ్ళ మీద పడ్డారు. ఒక్కడి ఇంట్లోనూ జ్వరం రాలేదు. పో, పిల్ల దగ్గర కూర్చో."

కెన్నా కదల్లేదు. "మరయితే నా పిల్లకెందుకొచ్చిందయ్యా?"

పూజారి తన మెడలోని పేలిక ముడులు ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నాడు.

అంతవరకూ కెన్నా భయానికి ఒక కారణముండేది. తప్పు ఒప్పుకుంటే తీరిపోతుందనుకున్నాడు. ఇప్పుడు ఒప్పుకోవడానికి తప్పే లేదు. ఇంత భయం అతను ఏనాడూ ఎరగడు. ఇంటికి పరుగు తీశాడు.

అయిదో రోజు జ్వరం దిగింది. తామిత్ లేచి రొట్టె, ఉల్లిపాయ అడిగింది. మర్నాడు కొత్త సంవత్సరం. ఊరంతా పేలికలు విప్పేసింది. కెన్నా మాత్రం పిల్లది విప్పనివ్వలేదు.

"ఇంకెన్నాళ్ళయ్యా?" అంది హెనుత్.

"ఎందుకొచ్చిందో చెప్పు, విప్పేస్తాను."

తామిత్ పెళ్ళయి ముగ్గురు పిల్లల తల్లయింది. పేలిక మాసినప్పుడల్లా ముసలి కెన్నా పడవెక్కి నది దాటి వచ్చి, అమ్మలక్కలు నవ్వుతున్నా, కొత్తది కట్టి పోయేవాడు. ఆయన్ని ఇసుకలో పూడ్చిన రోజు తామిత్ ఇంటికొచ్చి మొట్టమొదటిసారి దాన్ని తనే విప్పి చేతిలో పట్టుకుంది. మెడ తేలికయింది. పారేద్దామని లేచింది.

వాకిట్లో చిన్న కూతురు దగ్గింది.

తామిత్ ముడులు లెక్కపెట్టి, దాన్ని పిల్ల మెడకి కట్టేసింది.