సాయిలు ముఖానికి కట్టుకున్న గుడ్డ

మా సాయిలు ముఖానికి చుట్టుకునే గుడ్డ ఇప్పుడు నా చేతిలో ఉంది. డీజిల్ వాసన, దుమ్ము వాసన.

దోస్తులారా, బడి ముందర కిరాయి టీవీ పెట్టి చూపించిన గుర్రాల సినిమాలు యాదికున్నాయా? గాలికి ఊగే అట్టకొండలు, తిప్పి తిప్పి చూపించే అవే నాలుగు గుర్రాలు. మేత భూమికి దొర ముళ్లకంచె వేస్తే, ముఖానికి గుడ్డ కట్టుకున్న వీరుడొచ్చి తెంపేవాడు. తెల్లారితే మనకూ అదే ఆట. రుమాలు కట్టినవాణ్ని ఎవరూ గుర్తుపట్టకూడదు. సాయిలు వాళ్లమ్మ కూడా వాడి ముందే నిలబడి, "ఓ వీరుడా, మా సాయిలు కనవడితే బువ్వకు రమ్మను" అనేది. రుమాలు కింద వాడికి నవ్వు ఆగేది కాదు.

ఇక్కడ సౌదీలో, సౌదీవాళ్లకే కొలువులివ్వాలనే నితాఖత్ రూలు తప్పి సాయిలు కంపెనీ రెడ్ లిస్టులో పడింది, ఇక్కడ ఉండనిచ్చే వాడి ఇఖామా కార్డు రెన్యువల్ కాలేదు. అప్పటి నుంచి వాణ్ని నా రూములోనే దాచాను; దొరికితే దాచినవాడికీ జైలే. ఇవాళ సులై ఏరియాలో మేం పనిచేసే వర్క్‌షాపుకు చెకింగ్ వాళ్లొచ్చారు. దుమ్ముకు అందరం గుడ్డలు చుట్టుకుని ఉన్నాం. వాడి గుడ్డ లాగి కింద పడేశారు.

"నిన్ను రూములో పెట్టుకున్నది ఎవరు, ఇతనేనా?" అని నన్ను చూపిస్తూ హిందీలో అడిగారు.

సాయిలు నన్ను తేరిపార చూశాడు.

"నై మాలూమ్ సాబ్" అన్నాడు.

వీడు తెలుసా అని నన్నడిగితే నేనూ అదే అన్నాను. వాణ్ని ఎక్కించుకుని వాళ్ల వ్యాను తలుపు మూసుకుంది.

వాడి ముఖాన గుడ్డ లేదు. అయినా మేమిద్దరం ఒకరినొకరం గుర్తుపట్టలేదు.