నాన్న లెక్కచేయని ఎండ

డైరీలో తప్ప నలుగురిలో నోరు విప్పలేని దాన్ని నేను. అలాంటిది, డిగ్రీ చివరి ఏడాదిలో ఒక మీటింగులో మాట్లాడాల్సి వచ్చింది. బెంగళూరు కె.ఆర్.పురంలో నాన్న కూలి పని చేసే బిల్డింగు దగ్గరకు వాతావరణ మార్పుల గురించి చెప్పడానికి ఒక మేడమ్ వచ్చారు. ఆమెకు తెలుగు రాదు. ఆమె కన్నడ మాటలను మావాళ్లకు తెలుగులో చెప్పే పని నా మీద పడింది.

"భూమి వేడెక్కుతోంది. బెంగళూరు ఎండ కూడా ప్రాణం తీయగలదు. మధ్యాహ్నం పని ఆపండి" అని చెప్పాను.

నాన్నే లేచాడు. "ఆయమ్మనడుగు పాపా, మా అనంతపురం ఎండ ముందర ఇదీ ఒక ఎండేనా?"

అందరూ నవ్వారు. శాస్త్రవేత్తలంతా ఒప్పుకున్న మాటేనని మేడమ్ అన్నారు. అదీ చెప్పాను.

"అంతమందీ ఒకే మాట చెప్తాండారంటే, ఎవరో నేర్పిచ్చినట్లుండాది!" అన్నాడు నాన్న.

చప్పట్లు మోగాయి. నాకు సిగ్గుతో కన్నీళ్లొచ్చాయి. ఇంటికొచ్చాక, "తమాషాకన్నాలే పాపా" అని నాన్న నా తల నిమిరాడు.

ఆ వేసవిలోనే, మిట్టమధ్యాహ్నం ఇనుప కడ్డీలు మోస్తూ నాన్న కుప్పకూలాడు. వడదెబ్బ అన్నారు డాక్టర్లు. మళ్లీ కళ్లు తెరవలేదు.

పలకరించడానికి వచ్చిన మేస్త్రీ, "ఎండకు కాదులేమ్మా, ఆయప్ప టైమొచ్చింది" అన్నాడు. పక్కనున్న కూలీలు తలలూపారు.

"ఎండకే పోయినాడు మామా" అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. "మీరన్నా మధ్యాన్నం నీడకు పోండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కానీ మర్నాడు మధ్యాహ్నం కూడా అక్కడ పని ఆగలేదట. ఇంతకన్నా పెద్ద రుజువు నేనెక్కడి నుంచి తేవాలి?