స్క్రీను కింద మిగిలిన ఊరు

నిన్న మా అమ్మాయి నా ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చింది. చత్వారం వచ్చిన తండ్రికి చేసిన సేవ. తీరా చదవబోతే సందేశంలో చివరి వరుస స్క్రీను దిగువకు జారిపోయి కనిపించలేదు. అంతే, ఫోన్ తిరిగి ఆమె చేతిలో పెట్టేశాను. “ఏమైంది నాయనా?” అని అడిగింది.

పదిహేనేళ్ళ కిందట అనంతపురంలో, పల్లెలకు తాగునీటి ట్యాంకర్లు పంపే ఒక చిన్న సంస్థలో కంప్యూటర్ పని నాది. ఏ ఊరికి ఏ రోజు ట్యాంకరు వెళ్ళాలో చూపే ఫారం తయారుచేసింది నేనే. ఊళ్ళన్నీ ఒకే స్క్రీనులో ఇమిడిపోయాయి కదా, కిందికీ పైకీ జరుపుకునే పట్టీ ఎందుకు, వికారంగా ఉందని తీసేశాను. ఆ వయసులో అందం మీద అంత మోజు. తన కంప్యూటర్లో ఆ ఫారం చూసి డ్రైవర్లకు ఫోన్లు చేసేది పక్క గదిలో పనిచేసే అక్క, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది.

ఒక మే నెల పొద్దున గుత్తి వైపు పల్లె నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. “ఏమప్పా, నీళ్ళబండి రాక నాలుగు దినాలాయ. పిల్లోల్లు క్వారీ గుంతలో నీళ్ళు తాగి వాంతులు చేసుకుంటాండారు. ఒక పాపను గుత్తి ఆసుపత్రికి తీసుకపోయినారు.” నా కంప్యూటర్లో ఆ ఊరు అన్నిటికన్నా అడుగున చక్కగా ఉంది. అక్కను అడిగితే, “నాకాడ ఆ ఊరే ల్యాదప్పా” అంది. వెళ్ళి చూశాను, నిజంగానే లేదు. ఆమె స్క్రీను మీద అక్షరాలు గోలీలంత ఉన్నాయి, చివరి ఊరు అంచు కిందికి పోయింది. దాన్ని పైకి జరపడానికి నేనేమీ ఉంచలేదు. అక్క నా చెయ్యి పట్టుకుంది. “కండ్లు సరిగా కనపడక పోయిన వారం అచ్చరాలు పెద్దవి చేసుకుంటినప్పా. పెద్దసారుకు చెప్పొద్దు, పనిలోనుంచి తీసేస్తాడు.” చెప్పనన్నాను.

ఆ ఊరికి ట్యాంకరు పంపించి గుత్తి బస్సెక్కాను. పాప పోతే చంపింది నేనే, ఈ ఒక్క మాట తప్ప దారి పొడుగునా ఇంకేమీ తలకెక్కలేదు. టిక్కెట్ అడిగిన కండక్టరుకు ఆఫీసు తాళంచెవి ఇచ్చాను.

పాప బతికే ఉంది. సెలైన్ ఎక్కుతుంటే నిద్రపోతోంది. మంచం పక్కనే నేల మీద కూర్చున్నాను. వాళ్ళమ్మ నన్ను ఎగాదిగా చూసి, “యాడ నుంచి వచ్చినావు నాయనా?” అంది. అనంతపురం నీళ్ళ ఆఫీసు నుంచి అన్నాను. “అంత దూరం నుంచి మా పాపను సూడను వచ్చినావా” అని, తన సీసా తీసి నా చేతిలో పెట్టింది. “ఎండన పడి వచ్చినావు. నీళ్ళు తాగు.”

తాగాను. తప్పు నాదని మాత్రం చెప్పలేదు. మరునాడు ఫారానికి ఆ పట్టీ తిరిగి పెట్టాను. అక్క సంగతి పెద్దసారుకు చెప్పలేదు, ఆ చాటున నా సంగతీ చెప్పలేదు. కొంత కాలం పోతే ఆ తల్లి దగ్గరికి వెళ్ళి చెప్పడం సులువవుతుందనుకున్నాను. ఆ పాపకు కాలేజీకి వెళ్ళే వయసు వచ్చింది, ఏడాదికేడాది చెప్పడం మరింత కష్టమే అవుతోంది.