సంగప్ప సేటు మూడో సీసా

నిన్న మా మేనకోడలు తన ఉప్పునీటి తొట్టి అద్దాన్ని గీకుతుంటే నాచు వాసన గదంతా కమ్మేసింది. లోపల ఆమె ప్రాణంగా పెంచుకునే పగడాల రంగు మసకబారింది. చిన్న గాజుగొట్టంలో తొట్టినీళ్లు పట్టి నాలుగు చుక్కల మందు వేసింది. నీళ్లు ముదురు నీలంగా మారాయి. "చూడు మామా, ఫాస్ఫేట్ మళ్లీ పెరిగింది!" అని దిగులుపడింది. ఆ వాసన, ఆ మాట కలిసి నన్ను మాత్రం జహీరాబాద్‌లోని ఒక ఎరువుల దుకాణంలో నిలబెట్టాయి.

ఎనభైల మొదట్లో నేను అక్కడి హైస్కూల్లో తెలుగు మాస్టర్ని. సాయంత్రం సభల్లో మూఢనమ్మకాల మీద గొంతు చించుకునేవాణ్ణి. బల్ల ఎంత గట్టిగా గుద్దితే సత్యం అంత త్వరగా బయటపడుతుందని నమ్మిన వయసు అది. ఆ దుకాణం నడిపే సంగప్ప సేటుది బీదర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. చదువు ఏడో తరగతితో ఆగింది. అమ్మేది సూపర్ ఫాస్ఫేటు, పెంచేది బంగారు చేపలు. దుకాణం గల్లా పక్కనే పెద్ద గాజుతొట్టి ఉండేది. కోహీర్ నుంచీ ఝరాసంగం నుంచీ బస్తాల కోసం వచ్చిన రైతులు పుణ్యం వస్తుందని అందులో గుప్పెడు మురమురాలు వేసి దండం పెట్టేవాళ్లు.

ఒక ఎండాకాలం ఆ నీళ్లు చేపలు కనబడనంత పచ్చబడ్డాయి. రెండు చేపలు చచ్చిపోయాయి. మిగిలిన ఐదూ పైకి వచ్చి నోళ్లు తెరిచేవి. దుకాణంలో భాగస్తుడైన సేటు అన్న వీరన్న తీర్పు చెప్పేశాడు: "దుకాణానికి దిష్టి తగిలింది తమ్మీ. అమావాస్య దాకా సూస్త. నీళ్లు తేటగ గాకుంటే తొట్టి బయటేస్త, గుమ్మడికాయ కడ్త."

నేను భగ్గుమన్నాను. "దిష్టీ లేదు, గిష్టీ లేదు. మీ పుణ్యమే చేపల్ని చంపుతోంది!" అని గల్లా దగ్గర నిలబడి రైతులకు ఉపన్యాసం దంచాను. మురమురాలు బంద్ చేయించాను. అంతటితో ఆగలేదు. రోజూ బడి విడిచాక దుకాణంలోని ఇనుప బకెట్టుతో కుళాయినీళ్లు మోసి తొట్టిలో సగం నీళ్లు మార్చేవాణ్ణి. వారం తిరిగేసరికి నీళ్లు ఇంకా చిక్కబడ్డాయి. ఒక ముసలి రైతు తొంగిచూసి, "ఏం సారూ, మీ ముచ్చట నీళ్లకు ఎక్కలేదా?" అన్నాడు. దుకాణమంతా నవ్వింది.

సంగప్ప సేటు నవ్వలేదు. మూడు ఖాళీ పచ్చడి సీసాలు కడిగి తెచ్చాడు. మొదటిదాంట్లో ఇత్తడి బిందెతో పట్టిన కుళాయినీళ్లు. రెండోదాంట్లో అవే నీళ్లు, నాలుగు మురమురాలు. మూడోదాంట్లో అదే కుళాయినీళ్లు, కానీ నేను మోసే బకెట్టుతో పట్టినవి. తొట్టిలోని పచ్చనీళ్లు మూడింట్లోనూ చెంచాడు చొప్పున కలిపి, ఎండ తగిలే కిటికీలో వరసగా పెట్టాడు.

"మూడోది ఎందుకు సేటూ? నా మీద అనుమానమా?" అన్నాను.

"అందరి మీద పెట్టి మిమ్మల్ని ఇడిచిపెడ్తే గది పరీక్ష గాదు సారూ, దోస్తానా."

ఇక నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి! పొద్దున్నే బడికి వెళ్లేముందు ఆ కిటికీ దగ్గరికి పరీక్ష ఫలితం చూసుకునే పిల్లాడిలా పరుగెత్తేవాణ్ణి. పదో రోజు సేటు వీధిలోకే ఎదురొచ్చాడు. ఉత్సాహం పట్టలేకపోతే ఆయనకు కన్నడం వచ్చేది. "నోడు సారూ, నోడు!" అంటూ, చూడమని చెయ్యి పట్టి లాక్కెళ్లాడు. మొదటి సీసా దాదాపు తేటగానే ఉంది. రెండోది మురిగి లేత పచ్చగా ఉంది. మూడోది, నా సీసా, పాలకూర రసం!

సేటు బకెట్టు లోపలి అతుకులో వేలు పెట్టి రాశాడు. బూడిదరంగు పొడి అంటుకుంది. చిల్లరగా కొనే రైతులకు సూపర్ ఫాస్ఫేటు ముంచి పోసేది ఆ బకెట్టుతోనే. ఆ సంగతి నేను రోజూ చూస్తూనే ఉన్నాను. "భాస్వరం పడితే కంది ఎట్ల లేస్తదో నాచు గూడ గట్లనే లేస్తది. మురమురాలు జరంత పచ్చ జేసినయ్, మీరు దినాం మడికి ఏసినట్టు మందేసిన్రు సారూ," అన్నాడు. నా ముఖం మాడిపోయింది. "గట్ల మొఖం పెడ్తరేంది? తప్పు దొరికింది, సంబురపడాలె!" అని భుజం చరిచాడు.

ఆ రోజు నుంచి అడుగున పేరుకున్న మడ్డిని రబ్బరుగొట్టంతో లాగేశాం. బిందెనీళ్లతో రోజూ కొంచెం కొంచెం మార్చాం. ఎండ పడకుండా గోనెపట్టా కట్టాం.

అమావాస్య పొద్దున వీరన్న చంకలో గుమ్మడికాయతో వచ్చాడు. సేటు తొట్టి వెనక ఒక బస్తా నిలబెట్టి, "అన్నా, జర నీళ్లల్లకెళ్లి సూసి సదువు," అన్నాడు. వీరన్న కళ్లద్దాలు సవరించుకుని వంగాడు. ఒక ఎర్రచేప అక్షరాల మీదుగా ఈదుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగి కూడబలుక్కుని చదివాడు: "సూపర్... ఫాస్ఫేటు."

"అదే మీ దిష్టి!" అని అరవబోయాను. సేటు నా చెయ్యి నొక్కాడు. తొట్టి మిగిలింది. వీరన్న మాత్రం, "తెచ్చిన కాయ వట్టిగెందుకు పోవాలె?" అంటూ గుమ్మానికి కట్టనే కట్టాడు. సేటు స్టూలు పట్టుకున్నాడు! ఆ పూట ఆయనతో పోట్లాడాను. ఇప్పటికీ ఆ స్టూలు విషయంలో ఆయనతో ఏకీభవించను. కానీ ఆ మూడో సీసాను మాత్రం వదల్లేదు. ఎవరి నమ్మకం మీదైనా నిప్పులు చెరుగుతూ రాసిన ప్రతి వ్యాసాన్నీ పత్రికకు పంపేముందు, ఇందులో నా బకెట్టు ఎక్కడుందని వెతుకుతాను. కొన్ని వ్యాసాలు అలా చింపేశాను కూడా.

నిన్న మేనకోడలు ఫాస్ఫేట్ తగ్గించే ఖరీదైన మందు తెప్పిస్తానంది. "ముందు మూడు సీసాలు పట్రా అమ్మా. నువ్వు ఉప్పునీళ్లు కలిపే బకెట్టు కూడా," అన్నాను.

"నా బకెట్టు శుభ్రంగానే ఉంది మామా!" అంది రోషంగా.

అచ్చం నా గొంతే. లేచి, నేనే సీసాలు కడగడం మొదలుపెట్టాను.