కాళేశ్వరం బాట పట్టిన తొడ ఎముక

1944 కార్తీకంలో నన్ను తాత్కాలిక అసిస్టెంట్ జియాలజిస్టుగా వరంగల్లుకు వేశారు. గోదావరి ఒడ్డున ఉన్న ఎర్రరాళ్లలో పాతకాలపు జంతువుల ఎముకలు వెతకడం పని. మా భూగర్భ శాఖకు అక్కడ సొంత గది కూడా లేదు. హన్మకొండలో బట్టల వ్యాపారి శంభయ్య గారి ఇంటి ముందుగదే నాకు ఆఫీసు, ప్రయోగశాల, పడకగది.

ఆ యేడు దొరికిన మంచి ఎముక ఒక్కటే. పందిపాటి జంతువు తొడ ఎముక. పక్కనే దొరికిన కోరను బట్టి అది డైసైనోడాంటు అనుకున్నాను, అంటే పాలిచ్చే జంతువుల పాత బంధుగణంలోది. హైదరాబాదులోని మా సూపరింటెండెంటు మాత్రం అది ఉత్త బల్లిజాతి అని కొట్టిపారేశారు. స్వయంగా వచ్చి చూస్తానన్నారు. ఆయన ఒప్పుకోకపోతే నా పోస్టు అంతటితో సరి.

జవాబు ఎముక లోపలే ఉంటుంది. చిన్న ముక్క కోసి, గాజుపలకకు జిగురుతో అంటించి, గరుకుపొడితో వెలుతురు దూరేంత పలుచగా అరగదీయాలి. దాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే, బల్లి ఎముకలో రక్తనాళాల దారులు అరుదుగా ఉంటాయి, నిదానంగా పెరిగే ఒళ్లు కదా. నా ముక్కలో అవి లేగదూడ ఎముకలో లాగా కిక్కిరిసి ఉన్నాయి. గబగబా పెరిగిన ప్రాణి! గదిలోనే గంతేశాను. అయితే ఆ పలుచని పొర ఎక్కడిదో రుజువు కావాలంటే పక్కన అసలు ఎముక ఉండి తీరాలి.

మా వృత్తిలో ఒక అలవాటుంది. రాయో ఎముకో తేలకపోతే నాలుక ఆనిస్తాం. ఎముకకు సన్నని రంధ్రాలుంటాయి కనుక నాలుకకు అంటుకుంటుంది. సూపరింటెండెంటు రావలసిన ముందురోజు పొద్దున, తొడ ఎముక చివర ఉన్న పెళ్లను అలా పరీక్షిస్తుంటే శంభయ్య గారి భార్య రుక్కమ్మ గుమ్మంలో నిలబడిపోయారు. ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా ఎత్తని మనిషి.

"బొక్క నాకుతాన్నవేంది బిడ్డా?"

సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి గొప్పలకు పోయాను. ఇది ఆవుకూ మీకూ నాకూ అందరికీ పూర్వీకుడి ఎముక పెద్దమ్మా అన్నాను. ఆమె చెంపలేసుకుని లోపలికి పోయారు. నేను పోస్టాఫీసుకు వెళ్లి వచ్చేసరికి బల్ల మీద ఎముక లేదు.

"పెద్దల బొక్కలు ఇంట్ల పెట్టుకుంటరా? మా మరిది మొక్కు తీర్సనీకి కాళేశ్వరం పోతాండు. గోదాట్ల కలపమని పసుపుగుడ్డల కట్టిచ్చిన. నువ్వేం ఫికర్ చెయ్యకు," అన్నారామె, నాకు మహోపకారం చేసిన తృప్తితో. ఆ గోదావరి ఒడ్డు నుంచే కదా, ఎంతో కష్టపడి మోసుకొచ్చాను!

సైకిలు తొక్కి తొక్కి పరకాల బాటలో వాళ్ల ఎడ్లబండిని పట్టుకున్నాను. ఎడ్లను విప్పి, మరిది రాజయ్య సద్ది తింటున్నాడు. ఉద్యోగం పోతుందని బతిమాలాను, సర్కారు సొత్తని బెదిరించాను. వదిన కట్టిచ్చిన మూట నీళ్ల దగ్గర తప్ప విప్పనన్నాడు. చివరికి, "ఇంతకీ ఇది మనకేమైతది?" అని అడిగాడు.

అప్పుడు గానీ నేను శాస్త్రం సరిగా చెప్పలేదు. ఇది మన తాత కాదు, తాతకు తోడబుట్టినవాడి లాంటిది, మన వంశం వేరే కొమ్మ నుంచి వచ్చింది అన్నాను.

"అంటె దాయాదులదా?" రాజయ్య చేతిలో ముద్ద ఆగింది. దుకాణం వాటా గురించి అతనికి సొంత దాయాదులతో అప్పటికే కోర్టులో దావా నడుస్తోంది. "గీ ముచ్చట ముందుగాల చెప్పద్దా సారూ! వాళ్ల కర్మలు మనమెందుకు చేస్తం?" అని మూట నా చేతిలో పెట్టాడు.

మర్నాడు సూపరింటెండెంటు చాలాసేపు మైక్రోస్కోపులోంచి చూశారు. ముక్క కోసిన చోటును ఎముకతో సరిచూసుకుని, బల్లి కాదని ఒప్పుకున్నారు. నా పోస్టు నిలిచింది. ఎముకకు పసుపేమిటని అడిగితే జరిగిందంతా చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, నా నివేదిక తీసుకుని, మొదటి పేరాలో నేను రాసిన "పూర్వీకుడు" అన్న మాటను ఎర్రసిరాతో కొట్టేశారు. ఆ తర్వాత నేను ఉద్యోగం చేసినంత కాలం ఏ నివేదికలోనూ దాయాదిని తాత అని రాయలేదు.